డూపు, దిబ్బ

తగరపువలస దగ్గర జాతీయ రహదారిని వదిలి భీమిలి వైపు మళ్ళి, అక్కడి నుంచి సముద్రం వెంట విశాఖకు పోయే రోడ్డు పట్టుకుంటే కాసేపటికే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఈ ధారావాహికలో ఇప్పటిదాకా గోస్తనీ నదిని పట్టుకుని నడిచాం. పావురాలకొండ మీది బౌద్ధ విహారాలు, భీమిలిలో డచ్చివారి సమాధులు, చిట్టివలస జూట్ మిల్లు, ఇవన్నీ మనుషులు కట్టి వదిలేసినవాటి కథలు. ఈ వారం చెప్పుకోబోయేది మనుషులు కట్టనిది, కాని వాడుకున్నది. దిబ్బల నడుమ వాన కోసిన గాడుల్లోకి నాలుగడుగులు దిగితే సముద్రం కనపడదు, రోడ్డు కనపడదు. చుట్టూ ఇటుక రంగు గోడలు, పైన ఆకాశం. ఇది విశాఖ జిల్లా అని చెప్పే గుర్తు కోసం వెతుక్కోవాలి. కెమెరా పట్టుకున్నవాళ్ళ కన్ను ఈ చోటు మీద పడటంలో ఆశ్చర్యం లేదు. పాటలకీ ఫైట్లకీ తెలుగు సినిమా యూనిట్లు ఏళ్ళ తరబడి ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. ఆ గోడల మధ్య నిలబడ్డవాడికి ఇది మరో గ్రహంలా తోచడం సహజం. అలా ఎందుకు తోస్తుంది, ఆ భ్రమని టెలివిజన్ ఎలా వాడుకుంది, దాని ఖరీదు ఎవరు చెల్లించారు అన్నది ఈ భాగం విషయం.

సైన్స్ ఫిక్షన్ అనగానే మెరిసే దీపాల కాలయంత్రం, చుక్కల మధ్య తేలే నౌక, ఈమధ్య అయితే కంప్యూటర్ గ్రాఫిక్స్ గుర్తొస్తాయి. 1960లలో, 70లలో ఈ కథల్ని టెలివిజన్‌లో చెప్పినవాళ్ళ దగ్గర ఉన్నవి అట్ట, ప్లైవుడ్డు, రంగు బల్బులు, తీగకు వేలాడదీసిన బొమ్మ నౌక. వారానికో భాగం తీసి పంపాలి, డబ్బు చాలదు, సమయం అసలే చాలదు. అయినా ఆ ధారావాహికలు అర్ధ శతాబ్దం దాటినా జనం మనసులోంచి పోలేదు. ఆ అట్ట లోకాలకి నమ్మకాన్ని అప్పిచ్చినవి రెండే రెండని నా వాదన. ఒకటి అసలైన నేల, రెండోది అసలైన ఒళ్ళు. హీరో బదులు కింద పడేవాణ్ణి మన సినిమావాళ్ళు డూపు అంటారు. పరాయి గ్రహం బదులు నిలబడే ఊరి పక్క నేల కూడా నిజానికి డూపే. ఇద్దరి పనీ ఒకటే: తమది కాని పేరుతో కనపడటం, తమ పేరు దాచుకోవడం. పేరు దాచుకుంటే గాని ఆ మాయ నిలవదు. అలా దాచుకున్నందువల్లే దెబ్బ తగిలినప్పుడు ఇద్దరి తరఫునా అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

సాక్ష్యాలతో మొదలుపెడదాం. బ్రిటన్‌లో బీబీసీ 1963 నవంబరు 23న మొదలుపెట్టిన ‘డాక్టర్ హూ’ కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే ఒక పెద్దాయన కథ. మొదటి నెలల్లో అంతా స్టూడియో గోడల మధ్యే నడిచింది. 1964లో వచ్చిన ‘ది రెయిన్ ఆఫ్ టెర్రర్’ అనే కథ కోసం యూనిట్ మొదటిసారి స్టూడియో దాటి బయటి లొకేషన్‌కి వెళ్ళింది. ఫ్రెంచి విప్లవ కాలం, నాయకుడు పల్లె దారిన పారిస్ వైపు నడిచి పోవాలి. ఆ పాత్రధారి విలియం హార్ట్‌నెల్‌కి స్టూడియో పని నుంచి తీరిక లేదు. అందుకని బ్రయన్ ప్రౌడ్‌ఫుట్ అనే ఆయనకి అవే దుస్తులు తొడిగి, ఇంగ్లండులోని ఒక పల్లె బాట మీద దూరం నుంచి నడిపించారు. ఇంగ్లండు బాట ఫ్రాన్సుకి డూపు, ప్రౌడ్‌ఫుట్ హార్ట్‌నెల్‌కి డూపు. బయటి నేల తెరకెక్కిన మొదటిసారే దాని మీద నడిచినవాడు డూపు కావడాన్ని నేను కాకతాళీయం అనుకోను. స్టూడియోలో నేల చదును, వెలుతురు చెప్పినట్టు వింటుంది, నటుడు గీత గీసిన చోట నిలబడతాడు. బయటికి వస్తే రాయి జారుతుంది, పొద్దు వాలుతుంది, నటుడి కాల్షీటు అయిపోతుంది. నేల నిజమైనదయ్యే కొద్దీ దాని మీద నడిచే ఒంటికి ప్రమాదమూ నిజమవుతుంది. అక్కడ డూపు అవసరం పుడుతుంది.

అట్లాంటిక్‌కి అవతలి ఒడ్డున ఇదే కథ ఇంకా మొరటుగా నడిచింది. 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ మనవాళ్ళకి కొత్త కాదు. 1980లలో దూరదర్శన్ దాన్ని ఆదివారం ఉదయాల్లో చూపించింది. అందులో 1967 జనవరి 19న ప్రసారమైన ‘అరీనా’ అనే భాగంలో నౌక కెప్టెన్ కర్క్, బల్లి మొహం ఉన్న గార్న్ అనే ప్రాణితో ఒక నిర్జన గ్రహం మీద ఒంటరి పోరు చేస్తాడు. ఆ గ్రహం లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరంగా ఉన్న వాస్కెజ్ రాక్స్. నేలలోంచి ఏటవాలుగా పొడుచుకొచ్చిన ఇసుకరాతి పలకలు. 1870లలో టిబుర్సియో వాస్కెజ్ అనే బందిపోటు అక్కడ దాక్కున్నాడని ఆ పేరు వచ్చింది. గార్న్ రబ్బరు తొడుగులో ఉన్నది స్టంట్ మనుషులు బాబీ క్లార్క్, గ్యారీ కూంబ్స్. ఆ తొడుగులో సరిగా కనపడదు, గాలి ఆడదు, పైన కాలిఫోర్నియా ఎండ. ఇప్పుడు చూస్తే తొడుగు బొమ్మలాగే ఉంటుంది, కళ్ళు కదలవు. కాని ఆ ప్రాణి బండను ఎత్తేటప్పుడు, ఏటవాలు రాతి మీద అడుగు వేసేటప్పుడు దాని బరువు కనపడుతుంది. లోపల ఉన్న మనిషి మోస్తున్న బరువు అది, కింద ఉన్న రాయి ఇస్తున్న ఏటవాలు అది. ముఖం నమ్మించలేని చోట కాళ్ళు నమ్మించాయి. అదే భాగంలో కనిపించే కోట గోడల వెనక మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. అది అంతకు పదేళ్ళ ముందు బెంగాల్ లాన్సర్ల దళం మీద తీసిన వేరే టెలివిజన్ ధారావాహిక కోసం అక్కడే కట్టిన సెట్టింగు. బ్రిటిష్ ఇండియా కోటగా నిలబడ్డ గోడే పరాయి గ్రహం మీది స్థావరంగా మళ్ళీ నిలబడింది. డూపు నేల ఎన్ని వేషాలు వేయగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

1970 నా వాదనకి అన్నిటికంటే బలమైన సంవత్సరం. ఆ ఏడాది జనవరిలో ‘డాక్టర్ హూ’ మొదటిసారి రంగుల్లో వచ్చింది. ఆ కథ పేరు ‘స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్’. బీబీసీ స్టూడియో సిబ్బంది పని ఆపేయడంతో లోపల తీయాల్సిన దృశ్యాలు కూడా బయట అసలైన భవనాల్లో, అసలైన కర్మాగారాల్లో, 16 ఎంఎం ఫిల్ము మీద తీయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో స్టూడియో భాగాలు వీడియో టేపు మీద తీసేవారు. దాని నాణ్యత అక్కడితో సరి, తర్వాత ఎంత సాంకేతికత వచ్చినా పెంచడానికి వీల్లేదు. ఫిల్ము మీద మొత్తం తీసిన ఈ కథను మాత్రం 2013లో నిజమైన హైడెఫినిషన్‌లో బ్లూరేగా విడుదల చేయగలిగారు. గత్యంతరం లేక బయటికి వెళ్ళిన కథే కాలానికి ఎదురు నిలిచింది. అదే ఏడాది మే, జూన్ నెలల్లో ప్రసారమైన ‘ఇన్‌ఫర్నో’ కథను కెంట్ ప్రాంతంలో కింగ్స్‌నార్త్ పారిశ్రామిక వాడలో తీశారు. పెద్ద పెద్ద టాంకులు, ఇనుప మెట్లు, నడక దారులు. డెరెక్ వేర్ స్థాపించిన ‘హావక్’ అనే స్టంట్ బృందం అక్కడ పని చేసింది. ఆ బృంద సభ్యుడు రాయ్ స్కామెల్ టాంకు పైనుంచి కింద పడిన షాటు ఆ నాటి బ్రిటిష్ టెలివిజన్‌లో చాలా ఎత్తైన పతనాల్లో ఒకటిగా పేరు పొందింది. భూమి పొరలు తవ్వి నాశనం కొనితెచ్చుకునే లోకం గురించిన ఆ కథలో రాక్షసుల వేషాలు పేలవంగా ఉన్నాయని ఒప్పుకోవాలి. ఆ ఎత్తు మాత్రం పేలవం కాదు. పడే మనిషితో పాటు చూసేవాడి కడుపులోనూ ఏదో జారుతుంది. ఆ జారుడుని ఏ వేషమూ ఇవ్వలేదు.

ఇంకొక్క సాక్ష్యం చెప్పి అభ్యంతరాలకి వస్తాను. 1974లో డార్ట్‌మూర్ కొండల్లో హౌండ్ టోర్ అనే గ్రానైటు గుట్టల మీద ‘డాక్టర్ హూ’ కథ ‘ది సొంటారన్ ఎక్స్‌పెరిమెంట్’ తీశారు. ఒక్క దృశ్యం కూడా స్టూడియోలో తీయలేదు. కథ ప్రకారం అది వేల ఏళ్ళ తర్వాత మనుషులు వదిలేసిపోయిన లండన్. తడి రాళ్ళ మీద జారి అప్పటి నాయక పాత్రధారి టామ్ బేకర్ కాలర్‌బోన్ విరిగింది. షూటింగు ఆపే వీలు లేదు. మిగతా పోరాటం టెర్రీ వాల్ష్ అనే స్టంట్ మనిషి చేశాడు. విరిగిన ఎముకకు కట్టిన కట్టుని నాయకుడి వేషంలో ఎప్పుడూ ఉండే పొడుగాటి మఫ్లరు దాచింది. ప్రేక్షకులు నాయకుణ్ణి చూశామనే అనుకున్నారు. ఇందులో మూడు అంచెలు గమనించండి. రాయి హీరోని విరగ్గొట్టింది, ఎందుకంటే అది నిజమైన రాయి. విరిగిన హీరో స్థానంలోకి డూపు వచ్చాడు, ఎందుకంటే కథ ఆగకూడదు. ఆ డూపు కూడా అదే రాయి మీద నిలబడి పోరాడాడు, అతని ఎముక మాత్రం ఇనుముదేమీ కాదు. మొదటి రెండు సంగతులు అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడోది ఎవరికీ చెప్పుకోదగ్గదిగా అనిపించలేదు.

మొదటి అభ్యంతరం న్యాయమైనదే. వాళ్ళు బయటికి వెళ్ళింది కళ కోసం కాదు, పేదరికం వల్ల. సెట్టింగు కట్టించే డబ్బు లేక పాడుపడ్డ క్వారీల్లోకి దూరారు. నిజమే. ‘డాక్టర్ హూ’లో ఏ గ్రహానికి వెళ్ళినా క్వారీయే అన్నది ఆ దేశంలో పాత వాడుక. 1975లో వచ్చిన ‘జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్’లో యుద్ధంతో గొడ్డుపోయిన స్కారో గ్రహం సర్రే ప్రాంతంలోని బెచ్‌వర్త్ క్వారీ. కాని కారణం వేరు, ఫలితం వేరు. ఒక పని ఎందుకు మొదలైందన్నది దాని విలువని తేల్చదు. పేదరికం తోసినా, అక్కడ దొరికినది స్టూడియోలో కొనలేనిది. బెచ్‌వర్త్‌లో సైనికులు కందకాల్లో పాక్కుంటూ పోతుంటే బూట్లకి అంటిన మట్టి, నోట్లోంచి వచ్చే ఆవిరి, రాళ్ళ మీద కాలు మడత పడటం, ఇవేవీ కథా రచయిత రాసినవి కావు. నేల రాసింది. పైగా ఆ క్వారీ మనుషులే తవ్వి గాయం చేసిన నేల. యుద్ధం చేసిన గాయంగా అది తెర మీద చెల్లింది. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

రెండో అభ్యంతరం మన తెలుగువాళ్ళ నుంచే రావాలి. 1957లో ‘మాయాబజార్’ స్టూడియోలోనే కదా లోకాలన్నీ కట్టింది? బొమ్మ ఇళ్ళతో ద్వారకను, మార్కస్ బార్ట్లీ కెమెరాతో వెన్నెలను సృష్టించలేదా? ‘పాతాళభైరవి’ నమ్మించలేదా? నమ్మించాయి, ఇప్పటికీ నమ్మిస్తున్నాయి. కాని ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఘటోత్కచుడు ఎవరో, ద్వారక ఏమిటో ప్రేక్షకుడికి పుట్టుకతోనే తెలుసు. హరికథలోనో తోలుబొమ్మలాటలోనో విన్నాడు, కన్నాడు. జానపద చిత్రానికీ అంతే, మాంత్రికుడి గుహ అమ్మమ్మ చెప్పిన కథలోదే. ఆ సినిమాలు నమ్మకాన్ని తయారు చేయనక్కర్లేదు, అది ప్రేక్షకుడు ఇంటి నుంచి తెచ్చుకున్నదే. సైన్స్ ఫిక్షన్‌కి ఆ పెట్టుబడి లేదు. గార్న్ గురించి ఏ అమ్మమ్మా చెప్పలేదు. స్కారో గ్రహం ఏ పురాణంలోనూ లేదు. కథ పూర్తిగా కొత్తదైనప్పుడు, దాని కింద ఏదో ఒకటి పాతది, తెలిసినది, తాకితే గరుకుగా ఉండేది కావాలి. అదే నేల. దాని మీద పడే మనిషి ఒళ్ళు.

మన భాషలో ఈ రకం కథకి పెద్ద దిక్కు 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం నవల వేసిన దారి. దాని బలం పేకేటి రంగా కళాదర్శకత్వంలోని యంత్రం, సభ, భవిష్యత్ నగరం అని ఎవరైనా అంటే కాదనను. అది సెట్టింగుల విజయమే. అయినా ఒకటి గమనించాలి. ఆ సినిమా 2504 సంవత్సరానికి పోయిన భాగం కంటే 1526లో కృష్ణదేవరాయల కాలానికి పోయిన భాగమే జనానికి ఎక్కువ దగ్గరైంది. ఎందుకంటే రాయలవారూ తెనాలి రామకృష్ణుడూ ప్రేక్షకుడు ఇంటి నుంచి తెచ్చుకున్నవారే. భవిష్యత్తు మాత్రం ఎవరి ఇంట్లోనూ లేదు, అట్ట మీదే ఆధారపడాల్సి వచ్చింది. పై పేరాలో చెప్పిన తేడా ఒకే సినిమాలో రెండు భాగాలుగా కనపడుతుంది. అప్పటి దూరదర్శన్‌లో వచ్చిన ‘స్పేస్ సిటీ సిగ్మా’ వంటి హిందీ ధారావాహికలకీ ఇదే చిక్కు. ఊహకి లోటు లేదు, కాళ్ళ కింద నేల లేదు.

విశాఖ తీరంలో నేలకి కొదవ లేదు. 1978లో కె. బాలచందర్ ‘మరో చరిత్ర’ను విశాఖ, భీమిలి ప్రాంతాల్లో తీసినప్పుడు ఈ తీరం ఒక పాత్రే అయింది. తర్వాత జంధ్యాల తన హాస్య చిత్రాలకి ఈ ఊరి వీధులనే రంగస్థలం చేసుకున్నారు. ‘ఆదిత్య 369’కి మాటలు రాసింది ఆయనే. ప్రేమకథకి కడలి, హాస్యానికి వీధి, పోరాటానికి దిబ్బ, ఇలా ఈ ప్రాంతం వాడుక స్థిరపడింది. సైన్స్ ఫిక్షన్ కళ్ళతో చూస్తే ఇంకా చాలా ఉంది. ‘ఇన్‌ఫర్నో’లోని టాంకుల వాడ కావాలంటే విశాఖ రిఫైనరీ, ఉక్కు కర్మాగారం ఉన్న దిక్కు చూస్తే చాలు. మనుషులు లేని గ్రహం కావాలంటే ఊరికి ఈ చివర, మన తగరపువలస వైపు. రెంటికీ మధ్య ఒక పూట ప్రయాణం కూడా లేదు. ఇంత సంపద పక్కన పెట్టుకుని తెలుగు టెలివిజన్ ఈ రకం కథలు దాదాపు చెప్పనే లేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మూడో అభ్యంతరం నేటి కాలానిది. ఇప్పుడు కంప్యూటరు నేలనీ పుట్టిస్తుంది, ఒంటినీ పుట్టిస్తుంది, ఇంకా దిబ్బలెందుకు, డూపులెందుకు? 2019లో మొదలైన ‘ది మాండలోరియన్’ ధారావాహికలో నటుల చుట్టూ పెద్ద ఎల్ఈడీ గోడలు నిలబెట్టి, వాటి మీద ఎడారినీ మంచునీ చూపించి చిత్రీకరించారు. స్టూడియో దాటకుండానే చాలా లోకాలు చుట్టొచ్చారు. నేల సంగతిలో ఈ అభ్యంతరానికి బలం ఉంది, ఒప్పుకుంటాను. ఒంటి సంగతిలో లేదు. అదే ధారావాహికలో శిరస్త్రాణం వెనక పెడ్రో పాస్కల్ గొంతు వినపడుతుండగా, చాలాసార్లు ఆ కవచంలో నడిచినవాడు బ్రెండన్ వేన్, పోరాడినవాడు లతీఫ్ క్రౌడర్. 2023లో వచ్చిన మూడో విడతలో ఆ ఇద్దరి పేర్లూ ప్రధాన నటుడి పేరుతో పాటు వేశారు. ప్రపంచంలోనే ఖరీదైన గోడ కూడా మనిషి నడకని పుట్టించలేదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు ఒప్పుకోగలరు? పేరు బయటపెడితే మాయ చెదురుతుందన్న పాత భయానికి కూడా ఇదే జవాబు. అసలు 1970లోనే ‘డాక్టర్ హూ’ చివర హావక్ బృందం పేరు తెర మీద వేసేవారు. దానివల్ల ఏ పిల్లవాడూ రాక్షసుడికి భయపడటం మానలేదు.

ఇక ఖరీదు సంగతి. ముందు ఒంటి ఖరీదు. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో ఒక కన్నడ సినిమా కోసం హెలికాప్టరు నుంచి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయారు. 2025 జూలైలో తమిళనాడు నాగపట్నం ప్రాంతంలో కారు పల్టీ కొట్టించే షాటు తీస్తూ ఒక అనుభవజ్ఞుడైన స్టంట్ కళాకారుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ షాటు సినిమాలో ఉంటే రెండు మూడు సెకన్లు ఉండేది. ఇక గుర్తింపు చూడండి. మన జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954 నుంచి ఇస్తున్నారు. స్టంట్ కూర్పుకి విడిగా బహుమతి మాత్రం 2016 నాటి చిత్రాలతో గాని మొదలు కాలేదు. మొదట అందుకున్నది పీటర్ హెయిన్, మలయాళ చిత్రం ‘పులిమురుగన్’కి. ఆ తర్వాత తెలుగు సినిమా ఈ బహుమతిని ‘ఆర్ఆర్ఆర్’కి కింగ్ సాలొమన్ ద్వారా, ‘హనుమాన్’కి నందు, పృథ్వి ద్వారా తెచ్చుకుంది. ఆస్కార్ సంస్థ ఇంకా ఆలస్యం. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ రూపకల్పనకి బహుమతి ఇస్తామని 2025లో ప్రకటించింది. సినిమా పుట్టి నూట పాతికేళ్ళు దాటాక! ఈ బహుమతులన్నీ ఫైట్ మాస్టర్లవి. పడినవాడి పేరు, ఎగిరినవాడి పేరు, మంటల్లోంచి పరిగెత్తినవాడి పేరు ఇప్పటికీ చాలా తెలుగు సినిమాల్లో చివరి జాబితాలోనూ ఉండదు.

నేల ఖరీదు దీనికంటే నెమ్మదిగా తెలుస్తుంది, తిరిగి తెచ్చుకోవడం దీనంత కష్టమే. ఎర్రమట్టి దిబ్బలు మన కంటికి కొండల్లా కనపడతాయి గాని అవి రాయి కాదు. సముద్రం వెంట సుమారు 5 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న వదులు ఇసుక మేటలు. చివరి హిమయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోసింది. తర్వాత వేల ఏళ్ళలో ఇసుక రేణువులకి ఐరన్ ఆక్సైడు పూతలా పట్టి ఈ ఎరుపు వచ్చింది. అడుగున పసుపు ఇసుక, దాని మీద ముదురు గోధుమ ఎరుపు, ఆపైన ఇటుక ఎరుపు, మళ్ళీ పైన లేత పసుపు, ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు దక్షిణాసియాలో తమిళనాడులోని తేరి నేలల్లోనూ శ్రీలంకలోనూ తప్ప వేరే చోట లేవని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. 1886లోనే విలియం కింగ్ వీటి గురించి రాశాడు. భారత భూగర్భ సర్వే సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. ఇన్ని గుర్తింపులున్నా 2024లో యంత్రాలు పెట్టి దిబ్బల్ని చదును చేస్తున్నారన్న వార్తలు పత్రికలకెక్కాయి. ఒక్క వాన కొత్త గాడి కోస్తుంది, ఒక్క లారీ చక్రం ఆ గాడి ఎటు పోవాలో మార్చేస్తుంది. గ్రానైటు మీద షూటింగు చేస్తే రాయి మిగులుతుంది. ఈ ఇసుక మీద జనరేటరు వ్యాను, ట్రాలీ పట్టాలు, వందమంది యూనిట్ దిగితే మిగిలేది వేరే ఆకారం.

సినిమావాళ్ళొక్కళ్ళే దీనికి కారణమా అని అడగవచ్చు. కాదు. ఇళ్ళ స్థలాల ఆశ, మట్టి అమ్మకం, సెలవు రోజున ప్లాస్టిక్ సీసాలతో వచ్చే సందర్శకులు, వీటితో పోలిస్తే షూటింగుల వాటా చిన్నదే కావచ్చు. అయినా తెర మీద పేరు లేని నేలకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. దాన్ని కోట్లమంది చూస్తారు, ఎవరూ గుర్తుపట్టరు. గుర్తుపట్టనిదాని కోసం ఎవరూ నిలబడరు. వాస్కెజ్ రాక్స్ గతి వేరుగా ఉండటానికి కారణం ఆ చోటికి పేరుండటమే. 1972లో అమెరికా చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరింది, ఇప్పుడది కౌంటీ పార్కు, ‘స్టార్ ట్రెక్’ అభిమానులు ఆ రాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. నమీబియా ఎడారిలో 2012లో ఒక భారీ భవిష్యత్ కాలపు సినిమా తీశారు. వాహనాల వల్ల సున్నితమైన నేల దెబ్బతిందని అక్కడి పర్యావరణవేత్తలు ఆరోపించారు, అక్కడి చిత్ర అధికారులు ఖండించారు. ఎవరి మాట ఎంత నిజమన్నది పక్కన పెట్టినా, ఎడారి మీద పడిన చక్రాల జాడ దశాబ్దాల తరబడి చెరగదన్న సంగతిలో వివాదం లేదు.

ఇప్పుడు బెచ్‌వర్త్ క్వారీని మళ్ళీ గుర్తు చేసుకోవాలి. బ్రిటిష్ టెలివిజన్ గొప్పతనం క్వారీకి వెళ్ళడంలో ఉంది, ఎందుకంటే అప్పటికే తవ్వి వదిలేసిన నేల మీద ఎంత పరిగెత్తినా కొత్తగా పోయేది తక్కువ. అనకాపల్లి జిల్లాలో అలాంటి రాతి క్వారీలు ఎన్నో ఉన్నాయి. పోరాటాలకి, కార్ల పల్టీలకి, పేలుళ్ళకి అవి చాలు. దిబ్బల్ని దూరం నుంచి కెమెరా చూడవచ్చు, కాలినడకన ఇద్దరు నటులు నడవవచ్చు, అంతకు మించి వద్దు. అనుమతులిచ్చే అధికారులు ఈ ఒక్క గీత గీస్తే సినిమాకీ నష్టం లేదు, దిబ్బలకీ నష్టం లేదు. నిర్మాతలకి విన్నపం ఇంకా చిన్నది. సినిమా చివర నడిచే పేర్ల జాబితాలో రెండు వరుసలు చేర్చండి. ఒక వరుసలో కింద పడిన ప్రతి ఫైటరు పేరు, ప్రతి డూపు పేరు. రెండో వరుసలో ఏ నేల మీద తీశారో ఆ ఊరి పేరు, మండలం పేరు. పాఠకులకి కూడా ఒక మాట. ఈసారి తెర మీద ఎర్రటి గ్రహం కనపడితే, అది భీమిలి దగ్గరి దిబ్బ అని మీరు గుర్తుపడితే, పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ పేరు చెప్పండి. సినిమా అయిపోయాక లేచి వెళ్ళకుండా ఫైటర్ల పేర్లు వచ్చేదాకా కూర్చోండి.

(సశేషం)